మాయాబజారు: నిడివియు, కుదింపును

గొప్ప కృతిని కుదించుట అపచారమని కొందరును, కాలము మారినపుడు కుదింపక తప్పదని మరికొందరును వాదించుచుందురు. రెండు వాదములందును కొంత సత్యమున్నది. కుదించినవారెవరు? దేనికొరకు కుదించిరి? పోయిన భాగము కృతియందు ఏ పని చేయుచుండెను? ఈ మూడు ప్రశ్నలు వేసికొననిదే తీర్పు చెప్పుట తగదని మా అభిప్రాయము.

కుదింపు మన సాహిత్యమునకు క్రొత్త కాదు. ఏడువందల శ్లోకముల భగవద్గీతను తిక్కన సోమయాజి భీష్మపర్వమున కొలది పద్యములతో ముగించెను. యుద్ధకథ నడక కుంటువడరాదని ఆయన తలచియుండును. దీనిని లోపమనుటకంటె ఔచిత్యమనుటయే న్యాయము.

చలనచిత్రములలో ఇట్టి ఔచిత్యమునకు 1957 మార్చి 27న విడుదలయైన విజయావారి 'మాయాబజారు' చక్కని ఉదాహరణము. పాండవుల ఇంటి పెండ్లికథలో పాండవులొక్కరును తెరపై కానరారు. దర్శకులు కె.వి. రెడ్డిగారు చేసిన మొదటి కుదింపు ఇదియే! శశిరేఖాభిమన్యుల కథకు వారి ఉనికి చాలును, దర్శనము అక్కరలేదని ఆయన గ్రహించిరి. చిత్రీకరణకు ముందే గడియారము చేతబట్టి ఏ సన్నివేశమునకెంత కాలమో లెక్కకట్టుట ఆయన పద్ధతి. కావున మూడు గంటలు మించిన ఆ చిత్రపు నిడివి అజాగ్రత్తవలన పెరిగినది కాదు, తూచి నిర్ణయించినది.

2010 జనవరి 30న ఈ చిత్రము రంగులు దిద్దుకొని, నూతన ధ్వనితో మరల విడుదలయైనది. బొమ్మయు ధ్వనియు నాణ్యముగ నుండవలెనని నిడివిని తగ్గించిరి. కొన్ని పద్యములును, 'భళి భళి భళి దేవా', 'విన్నావటమ్మా' అను రెండు పాటలును ఆ ప్రతిలో చేరలేదు. నౌకావిహారము, వివాహభోజనము మొదలగు జనప్రియ ఘట్టములు నిలిచినవి. ఆ పనివారి శ్రమను మేము తక్కువ చేయము. నలుపు తెలుపు చిత్రమనగనే ముఖము త్రిప్పుకొను పిల్లలను సయితము అది సినిమా హాలునకు రప్పింపగలిగినది.

అయినను, పోయిన పాటలు రెండును ఎవరివో చూడుడు. ఒకటి కృష్ణుని బాల్యలీలలను నర్తనముగ చూపునది. రెండవది, ద్వారకకు వచ్చిన ఘటోత్కచునకు వృద్ధవేషమున ఎదురైన కృష్ణుడు మాయను గూర్చి పాడునది. మాయలమారి ఘటోత్కచునకు తనకంటె పెద్ద మాయ యొకటి కలదని తెలియుట అచ్చటనే. అంతవరకు బలమునకు పొంగిన బిడ్డ ఆపైన కృష్ణుని చేతి పనిముట్టగును. పాట లేకున్నను కథ తెలియును. కాని కాంచి నరసింహారావుగారి నటనయు, మాధవపెద్ది సత్యంగారి గొంతును కలసి కల్పించిన ఆ తీరిక, ఆ కొంటెతనము పోవును. మార్కస్ బార్ట్లీ గారి వెన్నెల మిగిలినది, పింగళివారి మాటల విందు మిగిలినది. బజారు నిలిచినది గాని మాయ పలుచనైనది.

పరదేశమునందును ఇట్టి కథ యొకటి కలదు. రష్యా దర్శకుడు తార్కోవ్‌స్కీ 1966లో ముగించిన 'ఆంద్రేయ్ రుబ్లేవ్' మొదట 205 నిమిషముల చిత్రము. అధికారుల అభ్యంతరముల నడుమ అది సుమారు మూడు గంటలకు తగ్గి, 1971 చివర గాని స్వదేశమున విడుదల కాలేదు. అయినను దర్శకుడు కురుచ ప్రతినే సమర్థించెను. క్రౌర్యదృశ్యములు దీర్ఘమైనచో ప్రేక్షకునకు జుగుప్స మిగులునేగాని తాను కోరిన కదలిక కలుగదని ఆయన భావము. తరువాత అమెరికాలో వ్యాపారులు మరికొంత కోయగా కథయే చెదరెనని విమర్శకులు నొచ్చుకొనిరి. ఒకే చిత్రమునకు రెండు కోతలు: ఒకటి కర్త అంగీకరించినది, మరియొకటి కర్తకు పరాయిది. ఫలితమును వేరువేరు.

చైత్రపౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడినుండి వెడలు బెంగుళూరు కరగము మా కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వచ్చిపోవుట ఆచారము. ఆ మలుపు విడిచినచో ఊరేగింపు వేగముగ ముగియును. మల్లెపూల కరగము అదియే, మోయువాడును అతడే. కాని ఊరు దానిని కరగముగ ఒప్పుకొనునా? కొన్ని మలుపులు దారిలో భాగములు కావు, అవియే దారి.

తెలుగుదేశమునకు వెలుపల పెరుగుచున్న మన పిల్లలలో అనేకులకు తెలుగు లిపి రాదు. భారతకథయు, పింగళివారి తెలుగును వారికి తెరమీదనుండియే అందవలెను. వారికి దొరకునది కురుచ ప్రతి యొక్కటే యైనచో, అదియే అసలని నమ్ముదురు. పోయినదేదియో అడుగుటకైనను వారికి తెలియదు. కావున సంఘములవారికి మా మనవి ఒక్కటి. రంగుల ప్రతిని సంతోషముగ చూపుడు. కాని మరునాడు నలుపు తెలుపుల పూర్తి ప్రతినికూడ చూపుడు. ఏది మేలో పిల్లలనే చెప్పనిండు. వారి తీర్పు మన తీర్పునకు భిన్నమైనను మేము చింతింపము. రెంటిని చూచి చెప్పిన తీర్పగుటయే మాకు చాలును.