తొమ్మిదో లక్ష్మి

లక్ష్ములు ఎనిమిదిమంది అని పటాల్లో గీస్తారు. మా అమ్మమ్మ లెక్కలో తొమ్మండుగురు. ఆ తొమ్మిదో ఆవిడకు గుడి లేదు, గోపురం లేదు, శుక్రవారం పూజ లేదు. త్రాసు పళ్ళెం దించబోయే ఆఖరి క్షణంలో కొట్టువాడి వేళ్ళ సందున జారే చారెడు గింజల్లో ఆమె కాపురం. ఆమె పేరు కొసరు.

తల్లీ, నువ్వు మా ఇల్లు విడిచి ఎన్నాళ్ళయిందో తిథివార నక్షత్రాలతో చెప్పలేను. గాజులు గలగలలాడించుకుంటూ, గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టి వెళ్ళినదానివి కావు. దీపం కొండెక్కకుండా వత్తి ఎగదోసి, పాలు పొంగకుండా మంట తగ్గించి, తలుపు చప్పుడవకుండా చేరవేసి వెళ్ళావు. అందుకే ఇంట్లో ఎవరికీ తెలియలేదు. పప్పు ఉడుకుతూనే ఉంది. పోపు చిటపటమంటూనే ఉంది. కంచాల ముందు అయిదుగురం కూర్చుంటూనే ఉన్నాం. ఏదో వెలితి, పౌర్ణమి మర్నాటి చంద్రుడిలో ఎక్కడ తరిగిందో వేలుపెట్టి చూపలేనంత సన్నని వెలితి.

తెనాలిలో మా వీధి చివర పచారీ కొట్టు ఉండేది. కొత్త గోనెసంచి వాసన, చింతపండు పులుపు, ఇంగువ ఘాటు, మూల డబ్బాలోని కిరసనాయిలు కంపు అన్నీ కలిసి ఒకే గాలిగా మారి గుమ్మం దాకా ఎదురొచ్చేవి. అమ్మ రాసిచ్చిన వెచ్చాల చీటీ గుప్పిట్లో నలిపి పట్టుకుని ఎత్తు బల్ల కింద నిలబడేదాన్ని. కొట్టు బాబాయి పాత కాగితాన్ని సంపెంగ మొగ్గలా చుట్టి, పప్పు పోసి, పురికొస లాగి బిగించేవాడు. అంతకుముందు ఒక్క క్షణం ఉండేది. త్రాసు ముల్లు నిటారుగా నిలిచాక, న్యాయం పూర్తయ్యాక, ఆయన చెయ్యి మళ్ళీ సంచిలోకి వెళ్ళేది. ఇంకొక్క పిడికెడు. ముల్లు మా ఇంటివైపు ఒరిగేది. ఆ పైన నా అరచేతిలో నాలుగు పుట్నాల పప్పులు, గోరంత బెల్లం ముక్క. కూరల బండి దగ్గరయితే రెండు రెబ్బల కరివేపాకు, పిడికెడు కొత్తిమీర, ఘాటెంతో చూడమని రెండు పచ్చిమిరపకాయలు.

కొసరు అన్న మాటకు మన భాష రెండిళ్ళు కట్టి ఇచ్చింది. అంగడిలో ఉంటే అది కొలతకు మించిన పిడికెడు. విస్తరి ముందుకు వచ్చిందా, అదే మాట నడుము వంచి, గరిట పట్టి, “ఇంకొక్క ముద్ద, నా మీద ఒట్టు” అని బతిమాలుతుంది. కొసరి కొసరి వడ్డించడం అంటాం. అమ్మేవాడి చేతిలోనూ అమ్మ చేతిలోనూ ఒకే మాట. కొట్లో ఒరిగిన ముల్లే మా వంటింట్లో మారు వడ్డనగా తేలేది. అన్నం ఒక్కసారి పెట్టి ఊరుకోవడం అమ్మమ్మ దృష్టిలో అతిథిని మెడపట్టి గెంటడంతో సమానం. మారు అడగాలి, వద్దన్నా వెయ్యాలి, వేశాక మజ్జిగలోకి మళ్ళీ అడగాలి. ఎసట్లో బియ్యం పోసేముందు ఆవిడ లెక్కకు పైన ఒక గుప్పెడు వేసేది. “అది ఎవరిదమ్మమ్మా?” అంటే, “దారిన పోయేవాళ్ళది” అనేది. దారిన పోయేవాళ్ళు మా ఇంటికి రోజూ వచ్చేవారు కాదు. గుప్పెడు మాత్రం రోజూ పడేది.

నా కాపురంలో నువ్వు మొదట అలిగింది కందిపప్పు దగ్గర అనుకుంటాను. వరసగా రెండేళ్ళు వానలు ముఖం చాటేశాక, 2015లో, ఆ దసరా దీపావళి రోజుల్లో కిలో కందిపప్పు 200 రూపాయలు దాటింది. కంది కాలవ నీళ్ళ గారాబంతో పెరిగే పైరు కాదు. తాండూరు రేగళ్ళలోనూ, సరిహద్దు అవతల కలబురగిలోనూ, విదర్భలోనూ నెలల తరబడి ఆకాశం వంకే చూస్తూ నిలబడే తపస్విని. మబ్బు మాట తప్పితే ఆ తపస్సు భంగమవుతుంది. అప్పుడు మా పప్పుగిన్నె బర్మా వైపు, మొజాంబిక్ వైపు, టాంజానియా వైపు చేతులు చాచుకుని ఓడల కోసం ఎదురుచూస్తుంది. తెనాలి పిల్ల కంచంలోని ముద్దకు ఆఫ్రికా రేవుల్లో లంగరు పడి ఉంటుందని అమ్మమ్మకు తెలిస్తే దిష్టి తీసి ఉండేది.

అప్పటిదాకా మా ఇంట్లో ముద్దపప్పు అంటే గరిట నిలబెడితే నిలబడేది. నడుమ గుంట చేసి నెయ్యి పోస్తే పసుపు కొండల మధ్య చెరువులా మెరిసేది. ఆ కొండ మెల్లమెల్లగా కరిగింది. ముద్దపప్పు పప్పయింది. పప్పులో సొరకాయ చేరింది. సొరకాయ పప్పు పప్పుచారయింది. చారులో పప్పు జ్ఞాపకమయింది. వారానికి కిలో అయ్యే చోట పది రోజులకు కిలో అయింది. కందిపప్పులో మూడోవంతు పెసరపప్పు కలిపిన మొదటి రోజు నేనెవరికీ చెప్పలేదు. మా అత్తయ్య తొలి ముద్ద నోట పెట్టుకుని నా వంక చూశారు. “చలవ చేస్తుందిలే అమ్మాయ్” అన్నారు. అది నవంబరు నెల. ఆవిడ భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉన్నారు.

మళ్ళీ 2023 జూన్‌లో కంది నిల్వల మీద ప్రభుత్వం పరిమితి విధించింది. వర్తకుల గోదాములకు ఆ పరిమితి అప్పుడు పడింది గాని, నా పప్పు డబ్బాకు అంతకు చాలా ముందే పడింది.

టమాటా గురించి అంతా ఏడ్చారు గనుక నేను ఎక్కువ ఏడవను. ఆ ఏడు జూలైలో మదనపల్లె మార్కెట్టులోనే కిలో 200కు చేరువైంది. ఆంధ్రాలో రైతుబజార్లలో 50కి ఇస్తుంటే విజయవాడలో మా అక్క వరసలో నిలబడి, వంతు వచ్చేసరికి బుట్ట అడుగు చూసి వచ్చింది. నేను గోంగూరనీ చింతపండునీ ఆశ్రయించాను. నిజం చెప్పొద్దూ, ఆ నెల మా పులుసులు పూర్వవైభవంతో వెలిగాయి. కొని తినలేని రోజున నేను కన్నెత్తి చూడని ఈ పండునే, మరో ఏడు కర్నూలు వైపు రోడ్డు పక్కన గంపలు గంపలుగా పారబోస్తారు. ఎర్రటి ఆ కుప్పల ఫోటో పేపర్లో చూసిన రోజు మాత్రం నాకు ముద్ద దిగలేదు.

నూనె సంగతి వేరు. నల్లసముద్రం ఎక్కడుందో మా అబ్బాయి భూగోళం పుస్తకంలో చూపించేదాకా నాకు తెలియదు. 2022లో అక్కడ యుద్ధం మొదలైతే ఇక్కడ మా మూకుడు వణికింది. పొద్దుతిరుగుడు పూలు సూర్యుణ్ణి మరిచి ఫిరంగుల వైపు తిరిగాయి. ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిలు ఎగుమతి ఆపేసింది. వాడే నూనెలో సగానికి పైగా పరదేశం నుంచే తెచ్చుకునే దేశంలో, ఒక మూకుట్లో అప్పడం వేగాలంటే ఎన్ని సముద్రాలు ప్రశాంతంగా ఉండాలో! 2024 సెప్టెంబరులో, మన నూనెగింజల రైతుకు మేలు జరగాలని, దిగుమతి సుంకం పెంచారు. ఆ మేలు పొలం దాకా వెళ్ళిందో లేదో తెలియదు గాని, దసరా గారెల దాకా మాత్రం వచ్చింది. మనిషికి నాలుగు గారెలు రెండయ్యాయి. ఒకరోజు ప్యాకెట్టు కత్తిరించబోతూ అక్షరాలు చదివాను. లీటరు నూనె తూస్తే సుమారు 910 గ్రాములుండాలి. నా చేతిలో ఉన్నది 850. ఒకప్పుడు కొలతకు పైన ఒక పిడికెడు. ఇప్పుడు కొలతలోంచే ఒక పిడికెడు. నువ్వు వెళ్ళిన చోట ఖాళీ కూడా మిగల్లేదు తల్లీ, గొయ్యి మిగిలింది.

నీ వేషం వేసుకుని ఒకసారి ఎవరో వచ్చారు కూడా. 2022 జూలైలో 25 కిలోల దాకా ఉండే ముద్రవేసిన బియ్యం బస్తాల మీద అయిదు శాతం జీఎస్టీ వేశారు. కొన్నాళ్ళకు కొట్టు ముందు 26 కిలోల బస్తాలు దిగాయి. వాటి మీద ఆ పన్ను ఉండదు. అత్తయ్య ఆ అంకె చూసి, “కొసరేశారా అమ్మాయ్?” అని మెరిసే కళ్ళతో అడిగారు. ఆ ఒక్క కిలో పన్ను గుమ్మం దాటడానికి వేసిన అడుగని, దానికీ డబ్బు కట్టామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. “అవును అత్తయ్యా” అన్నాను. ఆ సాయంత్రం ఆవిడ కొత్త బస్తాకు పసుపు కుంకుమ పెట్టారు.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలు. ముల్లు లేని యంత్రం ఒరగడం ఎరగదు. అంకె మించితే ఒక వంకాయ వెనక్కి వెళుతుంది. కరివేపాకు పది రూపాయలు. ఈ దుఃఖం నాకొక్కదానికే కాదని 2024 మే నెలలో తెలిసింది. బ్లింకిట్ యాప్‌లో కొత్తిమీరకు కూడా డబ్బు పెట్టాల్సి వచ్చిందని తన తల్లికి గుండె ఆగినంత పనైందని ముంబయిలో ఒక కొడుకు రాస్తే, ఆ సంస్థ కొన్ని కూరగాయలతో పాటు కొత్తిమీర ఊరికే ఇవ్వడం మొదలుపెట్టింది. వార్త చదివి నవ్వుకున్నాను. తరువాత దిగులేసింది. మీట నొక్కితే వచ్చే కొత్తిమీరలో నువ్వు ఉంటావా? ఆ కట్ట వేసిన చేతికి నేనెవరో తెలియదు కదా, మా పిల్లకు జలుబు తగ్గిందా అని అడగదు కదా.

జీతం అంగుళం పెరిగితే వెచ్చాలు మూరెడు పెరిగాయని మా ఆయన అంటారు. నేను లెక్కలు ఆయనకు వదిలేశాను. నాకు కనిపించేవి వేరు. ఎదురింటి ఏలూరు పిన్నిగారికీ మాకూ మధ్య ఒక స్టీలు గ్లాసు తిరుగుతుండేది. కాఫీపొడి, పంచదార, మినప్పప్పు, ఏది అయిపోతే అది చేబదులు. ఇచ్చేటప్పుడు గోపురంగా, తీర్చేటప్పుడు అంతకన్నా గోపురంగా. కాఫీపొడి ధర మండిపోయిన ఏడు ఒకసారి ఆ గ్లాసు అంచుకు సమంగా వేలితో రాసి తీర్చాను. పిన్నిగారు చూశారు. ఏమీ అనలేదు. మరి ఆ గ్లాసు రాలేదు. ఒకరి మీద ఒకరికి కోపం లేదు. లిఫ్టులో కలిస్తే నవ్వుకుంటాం. ఆ వేలితో ఇప్పటికీ పోపుల పెట్టె మూత తీస్తుంటాను, ఆవాలూ జీలకర్రా నా వంక చూస్తున్నట్టే ఉంటుంది.

నువ్వు చివరిసారి మా ఇంటికి వచ్చిన తీరు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. మా చిన్నాన్న కొడుకు గుంటూరు దగ్గర మిరప వేస్తాడు. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20 వేలు దాటి పలికిన కాయ, 2025 ఫిబ్రవరికి దాదాపు సగానికి పడిపోయింది. మార్కెట్ జోక్య పథకం కింద కేంద్రం 11,781 రూపాయలు ధర ప్రకటించిందని టీవీలో చెప్పారు. అన్నయ్య ఫోన్ చేశాడు. “కోత కూలి కూడా గిట్టేట్టు లేదు చెల్లాయ్. కళ్ళంలో కుప్పలు కుప్పలుగా ఉన్నయ్. నీకో బస్తా బస్సులో ఏస్తన్నా, ఆవకాయకి ఉంచుకో.” ఎర్ర పగడాల్లాంటి కాయలు. గోనె విప్పగానే ఇల్లంతా తుమ్మింది, ఇల్లంతా నవ్వింది. అమ్ముకోగలిగిన ఏడు కిలో పంపడానికి వెనకాడినవాడు, మునిగిన ఏడు బస్తా పంపాడు. ఆ ఏడు ఆవకాయ జాడీ మెడ దాకా నిండింది. రంగు చూసి అందరూ మెచ్చుకున్నారు. నేను కలుపుతున్నంతసేపూ నా చేతులు మండాయి. కారానికేనని అన్నాను.

అదే సంవత్సరం అక్టోబరులో ఆహార ద్రవ్యోల్బణం సున్నాకు అయిదు శాతం కిందికి దిగిందని ఆయన పేపరు చదివి వినిపించారు. అబద్ధం కాదు. కందిపప్పు నిజంగానే దిగింది, కూరలూ దిగాయి. ఆ తరవాతి ఆదివారం పంతం పట్టినట్టు ముద్దపప్పు వండాను, గరిట నిలబడేట్టు. నెయ్యి గిన్నె పక్కన పెట్టుకుని, అమ్మమ్మలా నడుము వంచి, మావాడి కంచం మీదికి గరిట తీసుకెళ్ళాను. వాడికి పదిహేనేళ్ళు. రాళ్ళు తిని అరాయించుకునే వయసు. గరిట ఇంకా గాలిలో ఉండగానే వాడి అరచెయ్యి కంచం మీద గొడుగులా విచ్చుకుంది.

“చాలమ్మా.”

“కొంచెమేరా, ఇవాళ చాలా ఉంది.”

“చాలు.”

అలిగి అన్నది కాదు, ఆకలి లేక అన్నది కాదు. అలవాటు. ధర ఎక్కేటప్పుడు ఆ చెయ్యి నేర్చుకుంది. ధర దిగినప్పుడు మరిచిపొమ్మని దానికి ఎవరు చెబుతారు? పక్కన వాళ్ళ చెల్లి కంచం మీద కూడా ఒక చిన్న అరచెయ్యి. దానికి పదేళ్ళు. పుట్టాక అది మారు అడగడం నేను వినలేదని ఆ క్షణానే తట్టింది. కొసరి వడ్డించడానికి చేతిలో గరిట ఉంది, గిన్నెలో పప్పు ఉంది, ఎదుట ఇద్దరు పిల్లలున్నారు. బతిమాలడానికి మాట మాత్రం పెగల్లేదు. ఎన్నేళ్ళుగానో వాడని మాట అది. సజ్జ మీద పెట్టిన ఇత్తడి గిన్నెలా చిలుమెక్కిపోయింది.

రాత్రి కుక్కరు అత్తయ్యే పెడతారు. నేను పక్కన కూర తరుగుతుంటాను. గ్లాసుతో మూడు కొలిచి పోశాక ఆవిడ చెయ్యి మళ్ళీ బియ్యం డబ్బాలోకి వెళుతుంది. పిడికిలి నిండా తీస్తారు. తీసి, కాసేపు అలాగే ఆగుతారు. నిన్న కూడా ఆగారు. బయట లిఫ్టు కదిలిన చప్పుడయింది. ఒకటో అంతస్తు, రెండో అంతస్తు. ఇద్దరం విన్నాం. మా అంతస్తు దగ్గర క్షణం ఆగినట్టే ఆగి, దాటి, పైకి వెళ్ళిపోయింది.

వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ ఉండిపోయాను. ఆవిడ పిడికిలి కుక్కరు మీద విచ్చుకుందో, డబ్బా మీద విచ్చుకుందో తల తిప్పి చూడలేదు.