దస్త్రంలో మనిషి, మనిషి లేని దస్త్రం: 1909 నాటి రెండు గ్రంథాలలో వలస పోలీసు వ్యవస్థ

యానాదుల జీవన విధానాన్ని పరిశీలించే తెలుగు వ్యాసాలకు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల వర్ణనం తరచుగా ఆధారమవుతున్నది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' మలికూర్పు వెలువడినదీ ఆ సంవత్సరమే. ఒకటి జాతివర్ణనం, మరొకటి నాటకం కావడం వల్ల వీటిని కలిపి పరిశీలించడం అరుదు. అయితే మద్రాసు రాజధానిలోని పోలీసు వ్యవస్థ రెండింటికీ ఉమ్మడి నేపథ్యం. ఆ వ్యవస్థ క్రమశిక్షణను ఏ అర్థంలో గ్రహించిందో తెలిస్తే, ఈ గ్రంథాలలో దేనిని ఎంతవరకు ప్రమాణంగా స్వీకరించవచ్చునో తేలుతుంది.

రెవెన్యూ అధికారం, పోలీసు అధికారం ఒకే చేతిలో ఉండడం వల్ల ప్రజలు అనుభవించిన హింసను 1855 నాటి మద్రాసు చిత్రహింసల విచారణ సంఘం నమోదు చేసింది. దాని తరువాత 1859 నాటి 24వ చట్టం ప్రత్యేక పోలీసు బలగాన్ని ఏర్పరచింది. కానిస్టేబులు నుంచి జిల్లా సూపరింటెండెంటు వరకు హోదాల వరుస ఏర్పడింది. విధి తప్పినవారిని సస్పెండు చేయడానికి, తొలగించడానికి పై అధికారులకు అధికారం లభించింది. ఈ క్రమశిక్షణ పైకి జవాబు చెప్పేది; గ్రామానికి జవాబు చెప్పేది కాదు. పై అధికారి చూసేది గ్రామాన్ని కాదు, గ్రామం గురించి కింది నుంచి వచ్చిన కాగితాన్ని.

పూర్వపు కావలి సంప్రదాయంలో ఇందుకు భిన్నమైన ధర్మం కనిపిస్తుంది. కావలి కాసేవాడు పోయిన సొత్తును రాబట్టాలి, లేదా నష్టం పూరించాలి. అతని జవాబుదారీ ఊరికే. గూడూరు సీమలోనూ, దానికి చేరువనున్న శ్రీహరికోట అడవులలోనూ నివసించిన యానాదులు పంటలకు, ఊళ్లకు కావలి కాసినవారు. థర్‌స్టన్ వర్ణనలో వారు వేటగాళ్లు, మూలికలు ఎరిగినవారు, కావలివారు. చిల్లర దొంగతనాలు చేసేవారు కూడా. కాపాడేవాడు, అనుమానితుడు ఒకే పుటలో ఒకే జాతిగా నిలవడం గమనార్హం. మొదటి లక్షణాలు ఊరి అనుభవం నుంచి వచ్చినవి. చివరిది ఠాణా దృష్టికి దగ్గరిది. వర్ణన ఈ భేదాన్ని చూపదు. అన్నింటినీ జాతి స్వభావంగానే చెబుతుంది. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం జాబితా, వేలిముద్ర, హాజరు అనే సాధనాలతో ఈ చూపును పాలనగా మార్చింది. యానాదులూ ఆ చట్టం నీడలోకి వచ్చినవారే.

'కన్యాశుల్కం' అదే వ్యవస్థను అవతలి వైపు నుంచి చూపుతుంది. సారా దుకాణంలో బైరాగి చుట్టూ చేరినవారిలో హెడ్డు కనిస్టేబు ఒకడు. అతనిని హాస్యపాత్రగా మాత్రమే గ్రహిస్తే నాటకంలోని కీలకం జారిపోతుంది. లుబ్ధావధాన్లుపై వచ్చిన హత్యాభియోగంలో చనిపోయినట్లు చెప్పిన పెళ్లికూతురు అసలు లేనే లేదు. ఆడవేషం వేసుకున్న మహేశం ఆ వేషం తీసివేశాడు, అంతే. మనిషి లేకుండానే వ్యవహారం నడిచింది, జనం భయపడ్డారు, డబ్బు చేతులు మారే వీలు కలిగింది. థర్‌స్టన్ గ్రంథంలో మనిషి దస్త్రంగా మారితే, గురజాడ నాటకంలో మనిషి లేకుండానే దస్త్రం పుడుతుంది.

విజయనగర ప్రాంతపు ప్రహసనాన్ని నెల్లూరు సీమకు అన్వయించడం సాహసమన్న ఆక్షేపణ రావచ్చు. నాటకం సంఘటనలకు సాక్ష్యం కాదన్నది నిజమే. అయితే ఈ రెండు జిల్లాలనూ పాలించినది ఒకే చట్టం. 1902-03లో ఆండ్రూ ఫ్రేజరు అధ్యక్షతన దేశవ్యాప్తంగా విచారించిన పోలీసు కమిషను కూడా పర్యవేక్షణ లోపాన్ని, అవినీతిని, ప్రజాపీడనను గుర్తించింది. ప్రహసనం చెప్పినదానిని ప్రభుత్వ విచారణే సమర్థించినప్పుడు, అత్యుక్తి అన్న పేరుతో దానిని పక్కన పెట్టడం కుదరదు.

దీని ఫలితం పరిశోధనా పద్ధతికి సంబంధించినది. థర్‌స్టన్‌ను వదులుకోనవసరం లేదు. మూలికలు, వేట, కొలుపులు మొదలైన విషయాలలో ఆ వర్ణన విలువైనదే. కానీ నేరస్వభావాన్ని గురించిన వాక్యాన్ని జానపద విజ్ఞాన వ్యాసంలో యథాతథంగా ఉదాహరించడమంటే ఠాణా అభిప్రాయానికి విశ్వవిద్యాలయ ముద్ర వేయడమే. చట్టం రద్దయినా ఆ వాక్యం అధస్సూచికలలో బతికే ఉంటుంది. గూడూరు ప్రాంతపు యానాదులపై జరిగే అధ్యయనం ప్రతి ఆధారాన్నీ ఒక ప్రశ్న అడగాలి: ఈ మాట ఎవరికి జవాబు చెప్పడానికి రాసినది? యానాదుల మౌఖిక కథనాలను ఆ పుట పక్కన నిలిపినప్పుడే కావలివాడు అనుమానితుడుగా మారిన చరిత్ర స్పష్టమవుతుంది.