పాత్రధారణ క్రీడలో చారిత్రక సత్యం: సేలం విచారణలు

బల్ల చుట్టూ కూర్చుని, సంభాషణతోనూ పాచికలతోనూ కథను నడిపించే రోల్ ప్లేయింగ్ గేమ్‌లో నిర్వాహకుడు కథకుడూ, నిర్ణేతా కూడా. వలసకాలపు అమెరికా ఇతివృత్తమైనప్పుడు దుస్తుల, ఆయుధాల ప్రామాణికత కన్నా కీలకమైన ప్రశ్న ఒకటి అతనికి ఎదురవుతుంది: ఆ కథాలోకంలో ఏది సత్యం?

మసాచుసెట్స్‌లో 1692లో జరిగిన సేలం మంత్రగత్తెల విచారణలు ఇందుకు తగిన నిదర్శనం. నిందితుల ఛాయారూపాలు తమను హింసిస్తున్నాయన్న ఆరోపణలను న్యాయస్థానం సాక్ష్యంగా స్వీకరించింది. 19 మందిని ఉరితీశారు. విచారణకు అంగీకరించని జైల్స్ కోరీని బండరాళ్ల బరువుతో నొక్కి చంపారు.

‘కలోనియల్ గోథిక్’ వంటి ఆటలు ఆ కాలపు చరిత్రకు అతీంద్రియ శక్తులను జోడిస్తాయి. దానివల్ల ఉత్కంఠ పెరిగే మాట వాస్తవమే. కానీ సేలం కథలో మంత్రగత్తె నిజమైతే న్యాయమూర్తుల తీర్పు కూడా సమర్థనీయమవుతుంది. నిర్దోషులు రెండోసారి దోషులవుతారు.

మంత్రశక్తి లేకుంటే ఆట చప్పబడుతుందన్న వాదన నిలవదు. నేరం ఒప్పుకొన్న టిట్యూబా ప్రాణాలతో బయటపడింది. నిరాకరించిన రెబెకా నర్స్‌ను ఉరితీశారు. అబద్ధమాడి బతకడమా, నిజం చెప్పి మరణించడమా అన్న సంకటంలోనే కావలసినంత నాటకీయత ఉంది. ఆ నిర్ణయాన్ని పాచికకు వదలక ఆటగాడికే అప్పగించడం నిర్వాహకుని బాధ్యత. రెబెకా నర్స్ సహా పలువురిపై వెలువడిన తీర్పులను మసాచుసెట్స్ ప్రభుత్వం 1711లో రద్దు చేసింది. చరిత్ర ఆలస్యంగానైనా తొలగించిన నిందను ఆట తిరిగి మోపరాదు.