బొగ్గుకుప్ప దగ్గర ఆడిటర్

కృష్ణపట్నం రేవులో బొగ్గు దిగుతుంటే అందరూ క్రేన్ల వంకే చూస్తారు. నా మెప్పు మాత్రం కాగితాలతో దుమ్ములో నిలబడే ఇంటర్నల్ ఆడిటర్‌కి. ఓడ ఎంత లోతు మునిగిందో చూసి లెక్కగట్టిన బరువు, వేబ్రిడ్జి చీటీ, యార్డులో కుప్ప కొలత ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే తేమ ఆరిందా, కాటా తప్పిందా, సరుకే దారి మళ్లిందా? నేటి ఆడిటర్ ఏడాది చివరిదాకా ఆగడు. ఒక లారీ ఖాళీ బరువు ప్రతిసారీ అదే అంకె చూపిస్తే కంప్యూటర్‌లోనే పట్టేస్తాడు. (డీజిల్ తగ్గితే బరువు తగ్గదా మరి!) తేడా ఎక్కడో తెలిస్తేనే కొత్త కాటా కొనాలో, కాంట్రాక్టరును మార్చాలో యాజమాన్యం తేల్చుకోగలదు. ఇంటర్నల్ ఆడిట్ అవసరం బొగ్గుకే కాదు: 2009లో సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడింది. ఆ తర్వాత 2013 కంపెనీల చట్టం 138వ సెక్షన్ కింద లిస్టెడ్ కంపెనీలన్నిటికీ ఇంటర్నల్ ఆడిట్ తప్పనిసరి అయింది. ఇంటర్నల్ ఆడిటర్ రిపోర్టు మేనేజర్ బల్ల మీద ఆగకూడదు, నేరుగా బోర్డులోని ఆడిట్ కమిటీకి చేరాలి.