యునిక్స్ అనుమతుల పఠనం: పోసిక్స్ 1003.1ఇ వారసత్వంపై విమర్శనాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

యునిక్స్‌లో ఒక ఫైలును ఎవరు చదవవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరు నడపవచ్చు అన్న ప్రశ్నలకు తొమ్మిది అక్షరాలు సమాధానం చెబుతాయి: యజమానికి మూడు, గ్రూపుకు మూడు, ఇతరులకు మూడు. మన తరగతి గదుల్లో ప్రవేశ నియంత్రణ పాఠం తరచు ఇక్కడే మొదలై ఇక్కడే ముగుస్తుంది. ఈ పద్ధతి చాలదని తర్వాత చేర్చిన భద్రతా విస్తరణలను వాటి బలాన్ని బట్టి అంచనా వేయడం పరిపాటి. ఈ వ్యాసం మరో కొలమానాన్ని ప్రతిపాదిస్తుంది. అనుమతి కూడా ఒక పాఠమే. దాన్ని చదివినవారు గ్రహించే అర్థమూ, కెర్నల్ అమలు చేసే అర్థమూ ఒకటేనా అన్నదే ఆ కొలమానం.

ప్రమాణం కాని ప్రమాణం

ప్రవేశ నియంత్రణ జాబితాలు, ఆడిట్, కేపబిలిటీలు, తప్పనిసరి ప్రవేశ నియంత్రణ, సమాచార లేబుళ్లు అనే ఐదు అంశాలను ఒకే చోట నిర్వచించడానికి పోసిక్స్ 1003.1ఇ ప్రయత్నించింది. 1998 జనవరిలో ఆ ప్రయత్నానికి మద్దతు ఉపసంహరించారు. 17వ ముసాయిదా మాత్రం అందరికీ అందుబాటులోకి వచ్చింది. ఆమోదం పొందని ఆ ముసాయిదాయే లినక్స్, ఫ్రీబీఎస్‌డీ వంటి వ్యవస్థల్లోని జాబితాలకు ఆధారమైంది. నేటికీ దాని నిర్ణయాల ఫలితాలను మనం అనుభవిస్తున్నాం.

మాస్క్: ఒకే అక్షరాలు, రెండు అర్థాలు

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఉమ్మడి సర్వర్‌లో ఒక సిద్ధాంత గ్రంథపు ఫైలు ఉంది. దాని యజమాని పర్యవేక్షకులు. విభాగపు గ్రూపుకు చదివే అనుమతి మాత్రమే ఉంది. ఒక పరిశోధకురాలికి జాబితా ద్వారా పేరుపేరునా చదివే, రాసే అనుమతులు ఇచ్చారు. ఇప్పుడు ఎల్‌ఎస్ ఆదేశంతో చూస్తే గ్రూపు స్థానంలో రాసే అనుమతి కూడా కనిపిస్తుంది. కానీ అక్కడ కనిపిస్తున్నది గ్రూపు అనుమతి కాదు, మాస్క్. పేరున్న వినియోగదారులకూ గ్రూపులన్నిటికీ కలిపి విధించిన గరిష్ఠ పరిమితి అది. ఈ మార్పును సూచించేది వరుస చివరనున్న ఒక్క కూడిక గుర్తు మాత్రమే.

గ్రూపు మొత్తానికి రాసే అధికారం పొరపాటున దక్కిందని భావించి యజమాని చ్‌మాడ్‌తో దాన్ని తొలగిస్తే గ్రూపు అనుమతి మారదు, మాస్క్ తగ్గుతుంది. జాబితాలో పరిశోధకురాలి పేరు పక్కన రాసే అనుమతి అలాగే ఉంటుంది, అమలులో మాత్రం ఉండదు. తప్పు చదివినవారిది, నష్టం మరొకరిది.

ఈ నిర్ణయం వెనుక బలమైన కారణం ఉందని అంగీకరించాలి. యజమానికి తప్ప అందరికీ ఫైలు మూసివేయాలనుకునే పాత ప్రోగ్రాములకు జాబితాల సంగతి తెలియదు. మాస్క్ వల్ల వాటి ఉద్దేశం నెరవేరుతుంది, పేరున్నవారికి కూడా తలుపు మూసుకుంటుంది. అంటే భద్రతను కాపాడటానికి స్పష్టతను వదులుకున్నారు. ఆ బేరం సమర్థనీయమే కావచ్చు. దాని మూల్యాన్ని బోధనలో దాచడం సమర్థనీయం కాదు.

కేపబిలిటీలు: విభజన మిగిల్చిన రాశి

సర్వాధికారి అయిన రూట్ శక్తిని చిన్న భాగాలుగా పంచడం కేపబిలిటీల లక్ష్యం. 1999లో వెలువడిన 2.2 కెర్నల్‌తో లినక్స్‌లోకి వచ్చిన ఈ భాగాలు నేడు 40కి పైగా ఉన్నాయి. అయితే ఫైల్ వ్యవస్థలను జోడించడం, హోస్ట్ పేరు మార్చడం వంటి పరస్పర సంబంధం లేని ఎన్నో పనులు క్యాప్ సిస్ అడ్మిన్ అనే ఒక్క భాగంలో పోగుపడ్డాయి. దాన్ని వీలైనంతవరకు ఎంచుకోవద్దని లినక్స్ మాన్యువలే డెవలపర్లను హెచ్చరిస్తుంది. విభజన పేరిట మరో రూట్ దాదాపు తయారైంది. ఇక్కడ పేరు ఏమీ చెప్పదు, అందుకే చదివేవారికి హద్దు తెలియదు.

ప్రతిపక్షం: ప్లెడ్జ్

2016లో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 5.9లోని ప్లెడ్జ్ భిన్నమైన దారి పట్టింది. ఇకపై తనకు అవసరమైన పనులేమిటో ప్రోగ్రామే కొన్ని చిన్న పదాల్లో ప్రకటిస్తుంది. మాట తప్పితే కెర్నల్ ఆ ప్రాసెస్‌ను ముగిస్తుంది. 2018లో 6.4తో వచ్చిన అన్‌వీల్, ప్రోగ్రాముకు కనిపించే ఫైలు మార్గాలను పరిమితం చేస్తుంది. మూలపాఠంలోని ఒకటి రెండు పంక్తులు చదివితే హద్దు అర్థమవుతుంది. కానీ ఇది ప్రోగ్రాము రచయిత సదుద్దేశంపై ఆధారపడిన ఏర్పాటు. రచయితనే నమ్మలేని చోట, అమెరికా జాతీయ భద్రతా సంస్థ 2000లో విడుదల చేసిన ఎస్‌ఈలినక్స్ తరహాలో, ప్రోగ్రాముకు వెలుపల నిర్వాహకులు విధించే విధానమే శరణ్యం. ఆ విధానం చదవడానికి కఠినం. కాబట్టి సుబోధకత ఒక్కటే గీటురాయి కాదు, అయితే దాన్ని లెక్కలోకి తీసుకోని మూల్యాంకనం అసంపూర్ణం.

ముగింపు

పోసిక్స్ 1003.1ఇ వారసత్వంలోని లోపం బలహీనత కాదు, అర్థభేదం. పాత అక్షరాలకు కొత్త అర్థం జోడించినప్పుడు చదివేవారికి ఆ సంగతి చెప్పే బాధ్యత ఇంటర్‌ఫేస్‌ది. అది చెప్పనిచోట ఆ బాధ్యత అధ్యాపకులది. తొమ్మిది అక్షరాల పాఠం పక్కనే గెట్‌ఎఫ్‌ఏసీఎల్ ఆదేశం చూపే పూర్తి జాబితాను కూడా చదివించాలి. అప్పుడే ఆ కూడిక గుర్తు విద్యార్థి కంటపడుతుంది.