నవ్వించడం నేర్చుకున్న లూసిల్ బాల్

ఒక టానిక్ ప్రకటనకి లూసీ రిహార్సల్ చేస్తుంటుంది. టానిక్ పేరు విటమీటావెజమిన్. చేసిన ప్రతిసారీ ఒక చెంచాడు తాగి, రుచి అమోఘమన్నట్టు నవ్వాలి. అందులో 23 శాతం ఆల్కహాల్ ఉందని ఆమెకి తెలియదు. మొదటి చెంచాకి మొహం ముడుచుకుపోతుంది. ఆ తర్వాత చేదు తగ్గుతుంది, ఇష్టం పెరుగుతుంది, నాలుక మందగిస్తుంది. చివరికి చెంచా పక్కన పెట్టి సీసానే ఎత్తుతుంది. చెప్పే వాక్యాలు అవే, అక్షరాలే జారిపోతుంటాయి.

1952 మే 5న అమెరికాలో సీబీఎస్‌లో ప్రసారమైన 'ఐ లవ్ లూసీ' ఎపిసోడ్ ఇది. లూసీగా వేసిన లూసిల్ బాల్ గొప్పతనం మొత్తం ఇందులో కనిపిస్తుంది. ఆమె ఒక్కసారిగా తూలిపోరు. మత్తు ఎంతెంత ఎక్కుతోందో మనం లెక్కపెట్టుకోవచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, లూసీ మనల్ని నవ్వించాలని చూడదు. ప్రకటన బాగా చేయాలని ప్రాణం పెట్టి ప్రయత్నిస్తుంది. ఆ నిజాయితీ వల్లే నవ్వు పుడుతుంది.

1911 ఆగస్టు 6న న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టారు లూసిల్. నాలుగేళ్ళైనా నిండకముందే తండ్రి టైఫాయిడ్‌తో పోయారు. నటన నేర్చుకుందామని న్యూయార్క్ నగరానికి వెళితే, ఈ అమ్మాయికి నటన రాదని పంపేశారు. 1933లో హాలీవుడ్ చేరి, ఆర్‌కేఓ స్టూడియోలో చిన్నాచితకా వేషాలతో ఏళ్ళు గడిపారు. 'ఐ లవ్ లూసీ' మొదలైన 1951 అక్టోబరు నాటికి ఆమెకి 40 ఏళ్ళు.

ఆ ఏళ్ళు వృథా కాలేదు. ఎంజీఎం స్టూడియోలో ఉన్నప్పుడు మూకీ చిత్రాల మహానటుడు బస్టర్ కీటన్ ఆమెలోని హాస్యాన్ని గుర్తించారు. చేతిలోని వస్తువుతో నవ్వించే విద్య ఆయన దగ్గర అబ్బింది. టోపీ కానీ, కుర్చీ కానీ, అది ఎంత బరువో, ఎటు జారుతుందో నటికి ముందే తెలియాలి. అప్పుడే పాత్రకి ఏమీ తెలియనట్టు కనిపిస్తుంది. 1950లో భర్త డెజీ ఆర్నాజ్‌తో కలిసి స్టేజీ ప్రదర్శనలకి బయల్దేరే ముందు పెపీటో అనే స్పానిష్ విదూషకుడి దగ్గరా శిక్షణ తీసుకున్నారు. క్యూబాలో పుట్టిన డెజీని టీవీలో ఆమె భర్తగా ప్రేక్షకులు ఒప్పుకోరని సీబీఎస్ వెనకాడింది. జనం ఒప్పుకుంటారని నిరూపించడానికే ఊరూరా తిరిగారు. వేదికల మీద తరాలుగా చేతులు మారుతూ వచ్చిన హాస్యవిద్య అలా ఆమెతో టీవీలోకి వచ్చింది.

ఆ విద్యకి తగిన వేదికనీ వాళ్ళే కట్టుకున్నారు. అప్పట్లో కార్యక్రమాలు ఎక్కువగా న్యూయార్క్ నుంచి ప్రత్యక్షంగా వెళ్ళేవి. మిగతా ప్రాంతాలకి టీవీ తెర మీంచి తీసిన మసక ఫిల్మే దిక్కు. లూసిల్, డెజీ హాలీవుడ్‌లోనే ఉండి, 35 ఎంఎం ఫిల్మ్ మీద, సుమారు 300 మంది ప్రేక్షకుల ఎదుట, మూడు కెమెరాలతో చిత్రీకరిస్తామన్నారు. 'మెట్రోపొలిస్' ఛాయాగ్రాహకుడు కార్ల్ ఫ్రాయిండ్ దీపాలన్నీ పైన అమర్చి, మూడు కెమెరాలూ ఒకేసారి తిరిగినా వెలుతురు సరిపోయేలా చేశారు. దాంతో కథ నాటకంలా మొదటి నుంచి చివరిదాకా వరసగా నడిచేది. జనం నవ్వుతుంటే తర్వాతి మాట పట్టి ఉంచాలి. మరీ ఆపితే సన్నివేశం చల్లారిపోతుంది. మన పద్యనాటకాల నటులకి ఈ కిటుకు బాగా తెలుసు.

ఇంత తూకంగా చేయాలంటే వారమంతా రిహార్సల్ ఉండాల్సిందే. రచయిత్రి మేడలిన్ ప్యూ కొన్ని విన్యాసాలు ముందు తానే చేసి చూసేవారు. 1952 సెప్టెంబరులో వచ్చిన చాక్లెట్ ఫ్యాక్టరీ ఘట్టం చూడండి. బెల్టు మీద చాక్లెట్లు వస్తుంటాయి, లూసీ, ఆమె స్నేహితురాలు ఎథెల్ వాటికి కాగితం చుట్టాలి. వేగం పెరిగేకొద్దీ నోట్లో, టోపీలో, జాకెట్లో కుక్కుకుంటారు. ఎథెల్‌గా వేసిన వివియన్ వాన్స్ సరిసమానంగా నిలబడకపోతే ఆ ఘట్టం సగమే పండేది.

1953 జనవరి 19న లూసీకి బాబు పుట్టిన ఎపిసోడ్‌ని సుమారు 4 కోట్ల 40 లక్షల మంది చూశారు. లూసిల్ నిజంగా బాబుని కన్నదీ ఆ రోజే. అప్పటికి టీవీలో 'గర్భిణి' అనే మాట పలకడానికే అనుమతి లేదు. తక్కువ జీతానికి ఒప్పుకుని ఫిల్మ్‌ల హక్కులు తమ దగ్గరే ఉంచుకోవడం వల్ల దంపతుల దెసీలు సంస్థ పెరిగి, ఒకప్పుడు ఆమెకి చిన్న వేషాలిచ్చిన ఆర్‌కేఓ స్టూడియోలనే కొనేసింది. విడాకుల తర్వాత 1962లో డెజీ వాటా కొని ఆమే సంస్థని నడిపారు. 'స్టార్ ట్రెక్' ఆ నీడలోనే మొదలైంది. 1989 ఏప్రిల్ 26న కన్నుమూశారు.

మనకీ రమాప్రభ, శ్రీలక్ష్మి లాంటి మేటి హాస్యనటీమణులున్నారు. కానీ కథనంతా వాళ్ళ భుజాల మీద పెట్టిన నిర్మాతలు అరుదు. అది మన పరిశ్రమకి లోటే. లూసీని చూడనివాళ్ళు టానిక్ ఎపిసోడ్‌తో మొదలుపెట్టండి. రెండోసారి శబ్దం తీసేసి, ఆమె చేతుల్నే చూడండి.