ధర తగ్గితే కర్బనం తగ్గినట్లేనా? సరఫరా గొలుసు సాఫ్ట్‌వేర్: ఒక విమర్శ

సరఫరా గొలుసులో వ్యయాన్ని, కర్బన ఉద్గారాలను ఏకకాలంలో తగ్గించే మార్గం చూపుతామనే సాఫ్ట్‌వేర్‌లు నేడు విరివిగా వాడుకలోకి వచ్చాయి. వాటి విలువ అవి అనుసరించే గణన పద్ధతిపైనే ఆధారపడి ఉంటుంది. 2011లో వెలువడిన గ్రీన్‌హౌస్ గ్యాస్ ప్రోటోకాల్ స్కోప్ 3 ప్రమాణం ఈ ఉద్గారాలను 15 వర్గాలుగా విభజించింది. కొన్న సరుకుల విషయంలో సరఫరాదారు నుంచి సమాచారం లభించనప్పుడు, వెచ్చించిన సొమ్మును ఆ రంగపు సగటు ఉద్గార గుణకంతో హెచ్చించే పద్ధతిని దాని మార్గదర్శకాలు అనుమతిస్తాయి.

ఈ పద్ధతిలో కర్బనం ధరకు నీడగా మారుతుంది. 100 రూపాయల ఉక్కు భాగాన్ని బేరమాడి 90 రూపాయలకు కొంటే, కొలిమిలో ఏ మార్పూ లేకున్నా ఉద్గారాలు 10 శాతం తగ్గినట్లు నమోదవుతుంది. సౌరవిద్యుత్తుకు మారి, ఆ మేరకు ధర పెంచిన చిన్న ఉత్పత్తిదారు మాత్రం అధిక కాలుష్యకారకుడిగా కనిపిస్తాడు. రెండు లక్ష్యాలను సమన్వయించామనే సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఒకే లక్ష్యాన్ని రెండుసార్లు లెక్కిస్తున్నది.

స్థూల అంచనాకు ఈ పద్ధతి ఉపకరిస్తుంది. సరఫరాదారుల ఎంపికకు ప్రాతిపదిక కాజాలదు. ఇంధనం, విద్యుత్తు, బరువు, దూరం వంటి భౌతిక పరిమాణాల నుంచి వచ్చిన అంకెను, సొమ్ము నుంచి ఊహించిన అంకెను వేర్వేరుగా చూపనంతవరకు, ‘కనిష్ఠ కర్బనం’ అనే ఫలితం చౌక సరుకుకు ఇచ్చిన ప్రశంసాపత్రమే అవుతుంది.